బడిపిల్లల సంచి - బరువు, బాధ్యత

వేసవి సెలవులు ముగిసి, జూన్ మాసంలో బడులు తెరిచే వేళకు తెలుగునాట ఇంటింటా ఒక చిన్న ఆలోచన సభ జరుగుతుంది. చర్చనీయాంశం ఒక్కటే: ఈ ఏడు బిడ్డకు ఎటువంటి పుస్తకాల సంచి కొనవలెను? తల్లి గట్టిదనం చూస్తుంది. తండ్రి ధర చూస్తాడు. బిడ్డ సంచి మీది బొమ్మను చూస్తుంది. బొమ్మ నచ్చితే బేరం ముగిసినట్లే. ఆ సంచి ఎంత బరువునకు ఆగుతుందో దుకాణదారు చెబుతాడు గాని, ఆ బరువునకు బిడ్డ ఆగుతుందా అన్న ప్రశ్న ఆ సభలో సాధారణంగా ఎవరూ వేయరు.

ఇది కేవలం ఇంటి బజారు వ్యవహారమే అయితే పత్రికా పుటలలో దీనికి చోటు అక్కరలేదు. కాని ఈ సంచిని గురించి మన దేశపు పెద్దల సభలో ప్రసంగాలు జరిగినవి; విద్వాంసుల సంఘాలు నివేదికలు వ్రాసినవి; ఉన్నత న్యాయస్థానం ఆదేశాలిచ్చినది; కేంద్ర ప్రభుత్వం ఒక విధాన పత్రాన్నే ప్రకటించినది. ఇంతమంది ఇంత శ్రద్ధ వహించిన తరువాత కూడ సమస్య తీరినదని నిశ్చింతగా చెప్పుకొనే స్థితి రాలేదంటే, లోపం ఎక్కడ ఉన్నదో విచారించవలసినదే. సంచిలో ఉన్నదా? సంచి నింపే చేతిలో ఉన్నదా? లేక నింపించే బడిలో ఉన్నదా?

పలక నుండి వీపు సంచి వరకు

మన పెద్దల చిన్ననాటి బడికి పెద్ద సామగ్రి అక్కరలేదు. పలక, బలపం, ఒక వాచకం, ఎక్కాల పుస్తకం ఉంటే చాలు. ఊరి దర్జీ మిగిలిన గుడ్డతో ఒక సంచి కుట్టి ఇచ్చేవాడు. దానిని ఒక భుజానికి తగిలించుకొని పిల్లలు పరుగెత్తేవారు. కొన్ని ఇండ్లలో పిల్లలకు అల్యూమినియం పెట్టె ఉండేది. వానకు పుస్తకం తడవకుండా కాపాడడంలో దానిని మించినది లేదు గాని, చేయి లాగేది, మోకాలికి తగిలేది. తరువాత కాన్వాసు సంచి వచ్చినది; ఆ తరువాత నైలాను, పాలియెస్టరు బట్టతో రెండు భుజాలకు తగిలించుకొనే వీపు సంచి వచ్చినది.

న్యాయంగా చెప్పవలెనంటే, సంచి నిర్మాణంలో ఇది అభివృద్ధియే. ఒక భుజాన వ్రేలాడే సంచి దేహాన్ని ఒక ప్రక్కకు వంచుతుంది. చేతిలో పట్టుకొనే పెట్టె కూడ అంతే. రెండు భుజాల మీద సమంగా పడే బరువును దేహం సులభంగా మోస్తుంది. కనుక పాత గుడ్డ సంచిని తలచుకొని, ఆ రోజులే మేలని నిట్టూర్చడం వలన ప్రయోజనం లేదు. ఆనాడు సంచి మంచిదై కాదు, సంచిలో వస్తువులు తక్కువై పిల్లలు సుఖపడినారు. ఈనాడు సంచి మెరుగుపడినది. దానితో పాటు దాని కడుపు కూడ పెద్దదైనది. కడుపు పెద్దదైన కొలది దానిని నింపే అవకాశమూ పెద్దదైనది.

పెద్దల సభలో చిన్నవారి సంచి

ఈ విషయాన్ని దేశం దృష్టికి తెచ్చిన ఖ్యాతి ఒక కథకునిది. మాల్గుడి అనే ఊహానగరాన్ని సృష్టించి, అందులో స్వామి అనే బడిపిల్లవానిని నిలిపిన ఆర్. కె. నారాయణ్ రాజ్యసభకు నామనిర్దేశితులై, 1989లో అక్కడ తమ మొదటి ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం పిల్లల పుస్తకాల సంచి. ఆ బరువు క్రింద పిల్లలు వంగి నడుస్తున్నారని, ఆ సంచిని తొలగించవలసినదే అని ఆయన వాదించినారు. రాజకీయ ధురంధరులు ఉద్దండ విషయాలు మాట్లాడే సభలో ఒక వృద్ధ రచయిత పసిపిల్లల పక్షాన నిలిచి ఈ మాట చెప్పడం విశేషమే.

అనంతర కాలంలో, 1992లో, కేంద్ర ప్రభుత్వం భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. 1993 జూలైలో వెలువడిన ఆ సంఘపు నివేదిక పేరును మన భాషలో 'భారం లేని విద్య' అనవచ్చును. ఆ నివేదికలోని ప్రధాన భావాన్ని ఉపాధ్యాయులు నేటికీ మననం చేసుకొనవలసి ఉన్నది. సంచి బరువు కంటికి కనిపించే భారం. చదివినది అర్థం కాకపోవడం కంటికి కనిపించని భారం. రెండవదే మొదటి దానికంటె ఘోరమైనది అని ఆ సంఘం తేల్చి చెప్పినది. అట్లని మొదటి దానిని ఉపేక్షించలేదు. పాఠ్యపుస్తకాలను బడి సొత్తుగా భావించవలెనని, పిల్లలు వాటిని ప్రతి దినమూ ఇంటికీ బడికీ మోయవలసిన అవసరం ఉండరాదని, ఏ పుస్తకం ఏ రోజు కావలెనో, ఇంటి పని ఏ రోజు ఏ విషయంలో ఇవ్వవలెనో బడియే ఒక పట్టిక తయారు చేయవలెనని సూచించినది.

ఆ సూచన వచ్చి మూడు దశాబ్దాలు దాటినవి. ఈ నడుమ 2006లో సంచి బరువును పరిమితం చేయడానికి రాజ్యసభలో ఒక బిల్లు ప్రతిపాదితమైనది. అది శాసనం కాలేదు. 2017 జూలైలో తెలంగాణ ప్రభుత్వం తరగతుల వారీగా బరువులు నిర్ణయిస్తూ ఉత్తర్వు ఇచ్చినది. 2018 మే మాసంలో మద్రాసు ఉన్నత న్యాయస్థానం ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటి పని ఇవ్వరాదని, సంచి బరువు తగ్గించవలెనని ఆదేశించినది. అదే సంవత్సరం నవంబరులో కేంద్ర మానవ వనరుల శాఖ అన్ని రాష్ట్రాలకు లేఖ వ్రాసినది. 2020లో 'పాఠశాల సంచి విధానం' వెలువడినది. ఉత్తర్వులకు మన దేశంలో కరవు లేదు. ఉత్తర్వు బడి గుమ్మం దాటి తరగతి గదిలోని కాలపట్టిక వరకు చేరడమే కరవు.

లెక్క వేసి చూతము

2020 విధానానికి మూలసూత్రం సులభమైనది: సంచి బరువు బిడ్డ దేహపు బరువులో పదవ వంతు మించరాదు. ఒకటవ తరగతికి ముందున్న పసిపిల్లలకు అసలు సంచియే వలదు. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుండి 2.2 కిలోలు, మూడు నుండి అయిదు వరకు 1.7 నుండి 2.5, ఆరు, ఏడు తరగతులకు 2 నుండి 3, ఎనిమిదికి 2.5 నుండి 4. తొమ్మిది, పది తరగతులకు 2.5 నుండి 4.5, పదకొండు, పన్నెండు తరగతులకు 3.5 నుండి 5 కిలోలు. ఇవి ఆ విధానం నిర్దేశించిన పరిమితులు.

ఈ అంకెలను కాగితం మీద చదివి ఊరుకొనక, తరగతి గదిలో నల్లబల్ల మీద లెక్క వేసి చూడవలెను. రెండవ తరగతి చదివే 20 కిలోల పాపను ఉదాహరణగా తీసికొందాము. ఆమె మోయదగినది 2 కిలోలు. ఖాళీ సంచి 600 గ్రాములు అనుకొందాము. ఒక లీటరు నీరు సరిగా ఒక కిలో తూగుతుంది. సీసా బరువు మరొక 100 గ్రాములు. అన్నంతో నిండిన డబ్బా అర కిలో. మొత్తం 2.2 కిలోలు. అనగా ఒక్క పుస్తకమైనా వేయక ముందే ఆ పాప హద్దు దాటినది! నీళ్ళ సీసా సంచి లెక్కలోనికి రాదని ఎవరైనా అనవచ్చును గాని, పాప వీపునకు ఆ భేదం తెలియదు. అందువలననే మంచి త్రాగునీటిని బడియే సమకూర్చవలెనని ఆ విధానం చెప్పినది. బడి ఆవరణలో ఒక నమ్మకమైన నీటి కుళాయి ఉంటే, ప్రతి బిడ్డ వీపు మీద నుండి ఒక కిలో దించినట్లే.

ఇక ఏడవ తరగతి విద్యార్థిని చూతము. 27 సెంటీమీటర్ల పొడవు, 17 సెంటీమీటర్ల వెడల్పు గల 200 పుటల నోటు పుస్తకంలో ఆకులు 100. చదరపు మీటరుకు 56 గ్రాముల కాగితమైతే ఆ ఆకుల బరువు 257 గ్రాములు. అట్ట దీనికి అదనం. విషయాలు ఆరు, ప్రతి విషయానికి బడి పనికి ఒకటి, ఇంటి పనికి ఒకటి చొప్పున నోటు పుస్తకాలు 12. వాటి బరువే మూడు కిలోలు దాటినది. విధానం ప్రకారం ఆ తరగతికి గరిష్ఠ పరిమితి మూడు కిలోలే. ఇక పాఠ్యపుస్తకాలను ఎక్కడ పెట్టవలెను? ఏ-4 కొలతలో, చదరపు మీటరుకు 70 గ్రాముల కాగితం మీద అచ్చయిన 200 పుటల పాఠ్యపుస్తకం ఒక్కొక్కటి 430 గ్రాములకు పైగా తూగుతుంది. నాలుగు పుస్తకాలు పెడితే మరొక కిలోముప్పావు.

ఈ లెక్క మరొక సత్యాన్ని కూడ చూపుతున్నది. పదవ వంతు సూత్రం దేహపు బరువును బట్టి నడిచేది. పుస్తకాలు తరగతిని బట్టి నడిచేవి. ఒకే తరగతిలో 40 కిలోల పుష్టి గల బాలుడు, 28 కిలోల బక్క బాలిక ప్రక్కప్రక్కన కూర్చుంటారు. ఇద్దరికీ పుస్తకాలు అవే. నాలుగు కిలోల సంచి ఆ బాలునికి పదవ వంతు. ఆ బాలికకు ఏడవ వంతు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లలలో వయస్సుకు తగిన బరువు లేనివారు 32 శాతం. వారే పెరిగి బడికి వచ్చేవారు. తిండి చాలని బిడ్డకే సంచి అందరి కంటె ఎక్కువ భారమవుతున్నది. పైగా బస్సు ఎక్కే స్తోమత లేక నడచివచ్చేది కూడ తరచు ఆ బిడ్డయే.

వైద్యశాస్త్రం ఏమంటున్నది?

ఈ విషయంలో అత్యుక్తి పనికిరాదు. సంచి బరువు వలన పిల్లల వెన్నెముక శాశ్వతంగా వంగిపోతుందని కొందరు భయపెడుతూ ఉంటారు. 2018లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడిన సమీక్ష 69 పరిశోధనలను, 72,000 మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించి, సంచి బరువే వెన్నునొప్పికి కారణమని నమ్మదగిన నిదర్శనం కనబడలేదని తేల్చినది. అయితే సంచి బరువుగా ఉన్నదని, మోయడం కష్టంగా ఉన్నదని తామే చెప్పుకొన్న పిల్లలలో నొప్పితో సంబంధం కొంత కనిపించినట్లు కూడ అదే సమీక్ష పేర్కొన్నది.

దీని నుండి మనం గ్రహించవలసినది ఏమి? సంచిని చూచి బెదరిపోనక్కరలేదు. బిడ్డ మాటను మాత్రం పెడచెవిని పెట్టరాదు. త్రాసు చెప్పే బరువు ఒకటి, బిడ్డ చెప్పే బరువు మరొకటి. రెండింటినీ వినవలెను. వ్యాధి రాకపోయినంత మాత్రాన శ్రమ లేదని అర్థం కాదు. ప్రొద్దున్నే మూడంతస్తుల మెట్లు ఎక్కి, భుజాలు ఎర్రబడి, ఆయాసంతో బల్ల మీద కూలబడిన బిడ్డకు మొదటి గంట పాఠం ఎంత తలకెక్కుతుందో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత శీలాన్ని దిద్దడానికి చెప్పినది; వీపును వంచడానికి చెప్పినది కాదు.

మంచి సంచి లక్షణాలు

ఇంతకూ తల్లిదండ్రులు బజారుకు వెళ్ళినప్పుడు ఏమి చూడవలెను? మొట్టమొదట ఖాళీ సంచి బరువు చూడవలెను. అరలు ఎక్కువైన కొలది, అలంకారాలు ఎక్కువైన కొలది, లోపల అట్టలు, చట్రాలు చేరిన కొలది సంచి తానే బరువవుతుంది. బిడ్డ మోయదగినది రెండు కిలోలైనప్పుడు ఒక కిలో సంచి కొనడం సగం హద్దును దుకాణంలోనే ఖర్చు చేయడం. ఎక్కువ అరల కన్న, ఒక పెద్ద అర, ఒక చిన్న అర, సీసాకు ప్రక్క జేబు ఉంటే చాలును.

రెండవది కొలత. సంచి వెడల్పు బిడ్డ వీపు వెడల్పును మించరాదు. పై అంచు భుజాల కంటె ఎత్తుకు పోరాదు. అడుగు భాగం నడుము క్రిందికి నాలుగు వ్రేళ్ళకు మించి జారరాదు. పిరుదులను కొట్టుకొంటూ వ్రేలాడే సంచి బిడ్డను వెనుకకు లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురుగా బిడ్డ ముందుకు వంగుతుంది. 'వచ్చే ఏడు కూడ పనికి వస్తుంది గదా' అని రెండు కొలతలు పెద్దది కొనే అలవాటు మనకు ఉన్నది. లాగు, చొక్కాల విషయంలో అది పొదుపు కావచ్చును. సంచి విషయంలో అది బిడ్డకు భారం. ఖాళీ ఉన్నచోట పుస్తకం చేరకుండ ఉండదు.

మూడవది భుజపట్టీలు. అవి రెండు ఉండవలెను. వెడల్పుగా, మెత్త పెట్టి, పొడవు తగ్గించుకొనేందుకు వీలుగా ఉండవలెను. సన్నని పట్టీ భుజాన్ని కోస్తుంది. రొమ్ముకు అడ్డంగా ఒక చిన్న పట్టీ ఉంటే భుజపట్టీలు జారకుండ ఉంటవి. వీపును తాకే వైపు కూడ మెత్త ఉంటే మంచిది. మన ఎండలలో అక్కడ గాలి ఆడే జాలీ గుడ్డ ఉంటే చొక్కా చెమటతో తడిసిపోదు.

నాలుగవది కుట్టు. భుజపట్టీ సంచిని కలిసేచోట ఒకే వరుస కుట్టు ఉన్నదా, రెండు మూడు వరుసలు అడ్డకుట్టుతో బిగించినారా అన్నది వ్రేలితో తడిమి చూడవలెను. సంచులు తెగేది సాధారణంగా అక్కడనే. జిప్పును పది సార్లు తెరిచి మూయవలెను. జిప్పు పండ్లు పెద్దవిగా ఉంటే పసి చేతులకు సులభం. రన్నరు పోయినంత మాత్రాన సంచి పారవేయనక్కరలేదు. వీధి మూలన కూర్చుండే చెప్పుల పనివాడు కొద్ది డబ్బుతో దానిని మార్చి, విడిన కుట్టు వేసి ఇస్తాడు. అటువంటి మరమ్మతుకు లొంగే సంచియే మన ఇండ్లకు తగినది.

అయిదవది వాన. మన బడులు తెరిచేదే తొలకరి వేళ. సంచి గుడ్డ లోపలి వైపు నీరు దిగకుండ పూత ఉన్నదో లేదో చూడవలెను. అయినా కుట్టు రంధ్రాల నుండి నీరు దిగుతుంది గనుక పైన వేసే తొడుగు ఒకటి ఉంచవలెను. తొడుగు లేకపోతే లోపల ఒక గట్టి ప్లాస్టిక్ సంచి చాలును. సాయంకాలం చీకటి పడ్డాక రోడ్డు ప్రక్క నడిచే పిల్లలకు, బండి దీపపు వెలుగులో మెరిసే పట్టీ సంచి వెనుక ఉండడం ప్రాణరక్షకమైన సంగతి.

చక్రాల సంచి చూడడానికి ఉపాయంగా తోచును గాని, మెట్లు ఎక్కేటప్పుడు దానితో పిల్లలకు దెబ్బలు తగులుతవని 2020 విధానం దానిని వలదన్నది. గుంతలు పడిన వీథులలో, వాన బురదలో దాని ఉపయోగం ఎంతో ఊహించుకొనవచ్చును.

అన్నిటి కంటె ముఖ్యమైన సూత్రం ఒకటి ఉన్నది. దుకాణానికి బిడ్డను, బిడ్డతో పాటు ఒకనాటి పుస్తకాలను తీసికొనిపోవలెను. పుస్తకాలు నింపి, వీపున తగిలించి, పది అడుగులు నడిపించి చూడవలెను. చెప్పులు కాలికి తొడిగి చూచి కొనేవారము, సంచిని ఖాళీగా చూచి కొనడం ఏమి న్యాయం? కొన్న తరువాత సర్దడం కూడ నేర్పవలెను: బరువైన పుస్తకాలు వీపును ఆనుకొని, తేలికైనవి బయటి వైపు. రెండు పట్టీలూ తగిలించుకొనవలెను. ఆదివారం సాయంకాలం సంచి బోర్లించి దులిపితే, గడచిన వారపు కాగితాలు, అక్కరలేని పుస్తకాలు ఎన్ని బయటపడతవో చూచి ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపడతారు.

ప్రభుత్వ బడులలో చదివే పిల్లలకు ఈ ఎంపిక లేదు. ఆంధ్రప్రదేశంలో 2020 నుండి ప్రభుత్వమే ఏకరూప దుస్తులు, పుస్తకాలు, బూట్లతో పాటు సంచిని కూడ ఇస్తున్నది. పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారినది గాని సంచి ఇచ్చే పద్ధతి నిలిచినది. పేద తల్లిదండ్రులకు ఇది గొప్ప ఊరట. అయితే లక్షల సంచులు ఒక్కసారి కొనేవారి బాధ్యత, ఒక్క సంచి కొనే తల్లి బాధ్యత కంటె పెద్దది. గుడ్డ గట్టిదనంతో పాటు ఖాళీ సంచి బరువు, పట్టీ వెడల్పు, తరగతికి తగిన కొలత కూడ కొనుగోలు షరతులలో ఉండవలెను. అడుగవలసిన ప్రశ్నలు అవే. అడిగేవారు మాత్రమే వేరు.

జపాను చూపిన దారి

బడి సంచిని జాతీయ సంప్రదాయంగా చేసుకొన్న దేశం జపాను. అక్కడ ప్రాథమిక విద్యార్థులు మోసే 'రాందొసెరు' అనే పెట్టె వంటి తోలు సంచి పేరు డచ్చి భాష నుండి వచ్చినది. 1880ల నాటి నుండి అది వాడుకలో ఉన్నది. బడిలో చేరిన నాడు కొన్న సంచిని ఆరు సంవత్సరాలూ వాడుకొనడం అక్కడి ఆచారం. ఏటేటా క్రొత్త సంచి కొనే మనకు ఆ మన్నిక అసూయ కలిగించవచ్చును. కాని ఆ మన్నికకు మూల్యం ఉన్నది: తోలు సంచి ఖాళీగానే ఒక కిలోకు పైగా తూగుతుంది, దాని ధర అక్కడి మధ్యతరగతికి కూడ చిన్నది కాదు.

అక్కడ కూడ పుస్తకాలు పెరిగి, సంచి బరువెక్కి, తల్లిదండ్రులు మొర పెట్టినారు. 2018 సెప్టెంబరులో అక్కడి విద్యాశాఖ బడులకు ఒక సూచన పంపినది: ఇంటి పనికి అవసరం లేని పుస్తకాలను బడిలోనే ఉంచనీయవలెనని. క్రొత్త సంచిని కనిపెట్టలేదు. సంచిలో పెట్టవలసినదానిని తగ్గించినారు. యశ్‌పాల్ సంఘం పాతికేండ్ల ముందు మనకు చెప్పినది కూడ ఇదియే.

బడి చేతిలో ఉన్నది

మన పరిస్థితికి వద్దాము. 2020 తరువాత ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఎదురెదురు పుటలలో ఇంగ్లీషు, తెలుగు పాఠాలు గల ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చినవి. ఇంగ్లీషు మాధ్యమంలోనికి అకస్మాత్తుగా అడుగుపెట్టిన బిడ్డకు ఎదుటి పుటలో తన భాష కనిపించడం మేలు. అర్థం కాకపోవడమనే భారాన్ని అది తగ్గిస్తుంది. అయితే పుటలు రెట్టింపు కావడంతో కాగితపు భారం పెరిగినది. పుస్తకాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి మొదటి అర్ధ సంవత్సరానికి, రెండవది తరువాతి అర్ధ సంవత్సరానికి ఇవ్వడం దీనికి విరుగుడు. ఒక భారం తగ్గించబోయి మరొక భారం పెంచినప్పుడు, ఈ రెండవ దానిని కూడ సర్దుకొనే ఉపాయం ఉన్నదని ఇది చూపుతున్నది.

మహారాష్ట్రలో 2023లో మరొక ప్రయోగం చేసినారు. పాఠ్యపుస్తకాలను భాగాలుగా విభజించి, నోటు పుస్తకం అక్కరలేకుండ పాఠాల నడుమ ఖాళీ పుటలు చేర్చినారు. 2025లో ఆ ఖాళీ పుటలను ఉపసంహరించుకొన్నారు. ముద్రణాలయంలో మార్పు చేసినంత మాత్రాన తరగతి గదిలో అలవాటు మారదని ఇందువలన తెలుస్తున్నది. నోటు పుస్తకం తెమ్మని ఉపాధ్యాయుడు అడుగుతున్నంత కాలం, విద్యార్థి తెస్తూనే ఉంటాడు.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వం 2025-26 విద్యా సంవత్సరం నుండి శనివారాలను సంచి లేని దినాలుగా ప్రకటించినది. 2020 జాతీయ విద్యావిధానం కూడ ఆరు నుండి ఎనిమిది తరగతుల వారికి పది దినాలు సంచి లేకుండ వృత్తిపనులు చూచి నేర్చే అవకాశం ఉండవలెనన్నది. ఇవి హర్షింపదగినవే. కాని శనివారపు విశ్రాంతి సోమవారం నుండి శుక్రవారం వరకు మోసే బరువునకు సమాధానం కాదు. ఆ అయిదు దినాల కాలపట్టికయే అసలు పరీక్ష.

ఆ కాలపట్టిక ఉపాధ్యాయుల చేతిలోనిది. ప్రతి దినం ఏడు గంటలలో ఏడు విషయాలు చెప్పడానికి బదులు, వరుసగా రెండేసి గంటలు ఒకే విషయానికి కేటాయించితే పుస్తకాలు సగం తగ్గుతవి. 200 పుటల నోటు పుస్తకానికి బదులు పలుచని పుస్తకాలు వాడి, నిండినదానిని బడి బీరువాలో ఉంచవచ్చును. ఒక బల్ల మీద ఇద్దరు కూర్చుండేచోట ఒకరు ఒక పుస్తకం, మరొకరు వేరొక పుస్తకం తెచ్చి పంచుకొనవచ్చును. ఇది స్నేహానికి కూడ అభ్యాసం. మూడు మాసాలకు ఒకసారి తరగతి మొత్తం సంచులు తూచవలెనని 2020 విధానం ఉపాధ్యాయులను కోరినది. పాఠ్యపుస్తకం మీద దాని బరువును అచ్చు వేయవలెనని ప్రచురణకర్తలను కోరినది. రెండవది మన చేతిలో లేదు. మొదటిది ఉన్నది.

కొన్ని ప్రైవేటు బడులలో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలకు తోడు బడి సొంత పుస్తకాలు, అభ్యాస పుస్తకాలు, పోటీ పరీక్షల పునాది పుస్తకాలు చేరుతున్నవి. సంచి ఎంత లావుగా ఉంటే చదువు అంత గొప్పదని భ్రమపడే తల్లిదండ్రులు ఉన్నంత కాలం ఆ బడులు తగ్గించవు. కనుక తల్లిదండ్రులు బడిని అడుగవలసిన మొదటి ప్రశ్న 'ఎన్ని పుస్తకాలు ఉన్నవి?' అని కాదు. 'ఏ పుస్తకం ఏ రోజు తెరుస్తారు?' అని. తెరువని పుస్తకాన్ని సంవత్సరమంతా మోయించడం విద్య కాదు. అది కూలి కూడ కాదు, కూలికి వేతనమైనా ఉంటుంది.

గణితం చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. శాతాలు బోధించే వారంలో ఒక స్ప్రింగు త్రాసు తెప్పించండి. పిల్లల చేతనే వారి బరువు, సంచి బరువు తూయించి, శాతం కట్టించండి. ఖాళీ సంచి ఎంత, నీరు ఎంత, పాఠ్యపుస్తకాలు ఎంత, ఆ రోజు అసలు తెరువని పుస్తకాలు ఎంత అని నాలుగు గళ్ళు గీయించండి. చివరి గడిలోని అంకెను ప్రధానోపాధ్యాయుల బల్ల మీద పెట్టండి. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, నిధులు అక్కరలేదు.

విద్యార్థులారా, మీకు కూడ ఇందులో పని ఉన్నది. మరునాటి కాలపట్టిక చూచి రాత్రియే సంచి సర్దుకొనుట, అక్కరలేనిదానిని తీసివేయుట మీ వంతు. బరువైతే నోరు విప్పి చెప్పుట కూడ మీ వంతే. అది సోమరితనం కాదు. మీరు తూచి చూపిన అంకెకు సమాధానం చెప్పుట మాత్రం పెద్దల వంతు. మంచి సంచిని బజారులో కొనవచ్చును. ఆ సంచిని తేలికగా ఉంచడం మాత్రం ఇల్లు, బడి కలిసి ప్రతి దినమూ చేయవలసిన పని.